చెరువు గట్టు మీద లైన్ డ్రైవర్: ఫుల్ బయాస్ ఉంచాలా, తగ్గించాలా?

పెన్నాతీరం (నెల్లూరు):

అందరికీ నమస్కారం. రొయ్యల చెరువుల్లో కరిగిన ఆక్సిజన్, నీటి ఉష్ణోగ్రత, ఏరియేటర్ల నడక గమనించే పెట్టెలు తయారు చేస్తున్నాం. ఇందుకూరుపేట, విడవలూరు వైపు గట్ల మీద వైఫై నిలకడగా అందదు. కొత్త కేబుల్ లాగితే ఎలుకలు, ట్రాక్టర్లు, ఉప్పుగాలి దాన్ని బతకనివ్వవు. అందుకే ఏరియేటర్లకు కరెంటు వెళ్లే తీగ మీదే సమాచారం పంపుతున్నాం. 2 నుంచి 28 మెగాహెర్ట్జ్ వరకు ఓఎఫ్‌డీఎం (సమాచారాన్ని వందల టోన్ల మీద పంచి పంపే) సంకేతం, చివర్లో తీగను నడిపే లైన్ డ్రైవర్‌గా టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీహెచ్ఎస్6212.

సంకేతం లేనప్పుడు కూడా చిప్‌లో ఎంత కరెంటు ప్రవహిస్తూ ఉండాలన్నదే బయాస్. దాన్ని నిర్ణయించే పిన్‌లు ఈ చిప్‌కు రెండు ఉన్నాయి. వాటితో నాలుగు స్థితులు ఎంచుకోవచ్చు. ఫుల్ బయాస్‌లో 23 మిల్లీయాంపియర్లు, మిడ్‌లో 17.5, లో బయాస్‌లో 11.9 ఐడిల్ కరెంటు తీసుకుంటుంది. నాలుగోది షట్‌డౌన్. మా సప్లై 24 వోల్టులు. అంటే సంకేతం ఏమీ పంపకుండా కూర్చున్నా ఫుల్‌లో 0.55 వాటు, లో బయాస్‌లో 0.29 వాటు.

నా వాదన లో బయాస్ వైపు. కారణాలు రెండు. మొదటిది వేడి. పెట్టె నీరు చొరకుండా పూర్తిగా మూసి ఉంటుంది. రోహిణి కార్తె ఎండలో లోపల 65 డిగ్రీలు దాటుతుందని లెక్కపెట్టుకుని తయారు చేయాలి. రెండోది బ్యాటరీ. కరెంటు పోయినప్పుడు రైతుకు కబురు అందించడమే ఈ పెట్టెకు అన్నింటికంటే ముఖ్యమైన పని. అప్పుడు అది 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీద నడవాలి. ప్రయోగశాల బల్ల మీద లో బయాస్‌లోనూ డేటా బాగానే వెళుతోంది. అలాంటప్పుడు రెట్టింపు కరెంటు ఎందుకు ఖర్చు పెట్టాలి? మా బృందంలో మరో వర్గం మాత్రం ఫుల్ బయాస్ తప్ప ఒప్పుకోమంటోంది. ఇక్కడ లైన్ డ్రైవర్లతో పనిచేసినవారు ఉన్నారని అడుగుతున్నాను.

ఏబీ తరగతి (ఒంగోలు):

ఇంజినీరింగ్ కళాశాలలో అనలాగ్ సర్క్యూట్లు చెబుతాను. మీ ప్రశ్నలో నాకు కలవరం కలిగించిన మాట "బల్ల మీద బాగానే వెళుతోంది" అన్నది.

ఈ డ్రైవర్ ఔట్‌పుట్ దశ క్లాస్ ఏబీ. పైకి నెట్టే ట్రాన్సిస్టర్, కిందికి లాగే ట్రాన్సిస్టర్ సున్నా దగ్గర ఒకదానికొకటి పని అప్పగించుకుంటాయి. ఆ అప్పగింత నున్నగా జరగాలంటే రెండూ కొంతసేపు కలిసి నడవాలి. ఐడిల్ కరెంటు ఉన్నది అందుకే. దాన్ని సగానికి కోస్తే సున్నా దగ్గర గతుకు పడుతుంది. ఓఎఫ్‌డీఎం సంకేతం ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. వందల టోన్లు కలిసిన మొత్తం విలువల పంపిణీ గాసియన్ (గంట) ఆకారంలో ఉంటుంది. దాదాపు 68 శాతం సమయం అది తన ఆర్ఎంఎస్ (ఒక రకమైన సగటు) విలువకు లోపలే, అంటే సున్నా చుట్టుపక్కలే తిరుగుతుంది. శిఖరాలు అరుదుగా వస్తాయి. గతుకు మీదుగా మాత్రం సంకేతం అస్తమానం దాటుతూనే ఉంటుంది. సైన్ తరంగం పెట్టి ఆసిలోస్కోప్‌లో చూస్తే అందంగా కనిపించే డ్రైవర్ ఓఎఫ్‌డీఎంలో ఎందుకు చెడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంకొకటి. బయాస్ తగ్గితే యాంప్లిఫయర్ బ్యాండ్‌విడ్త్, లూప్ గెయిన్ కూడా తగ్గుతాయి. డిస్టార్షన్‌ను (సంకేతం ఆకారం చెడడాన్ని) ఫీడ్‌బ్యాక్ తుడిచిపెట్టే శక్తి ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎలాగూ క్షీణిస్తుంది. డేటాషీట్ ముందు పేజీలో 20.5 డీబీఎం దగ్గర చెప్పిన 70 డీబీ ఎంటీపీఆర్ (ఖాళీగా వదిలిన టోన్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే కొలత) వీడీఎస్ఎల్2 అనే టెలిఫోన్ తీగ బ్రాడ్‌బ్యాండ్ ప్రమాణంలోని 8బీ ప్రొఫైల్‌ది. అది ఎనిమిదిన్నర మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఆగిపోతుంది. మీరు 28 వరకు వెళుతున్నారు. పైన 20 మెగాహెర్ట్జ్ దాటాక లో బయాస్‌లో మీకు మిగిలే స్వచ్ఛత ఎంతో ఆ పేజీ చూసి చెప్పలేరు.

బల్ల మీద లోడ్ ఎంత పెట్టారు? 100 ఓంల రెసిస్టరేనా?

పెన్నాతీరం:

అవును మేడం, 100 ఓంలు. మధ్యలో 60 మీటర్ల తీగ చుట్ట.

ఏబీ తరగతి:

అయితే అది చెరువు కాదు. గట్టు మీద మోటార్లు ఉన్నాయి, కొన్నిచోట్ల పవర్ ఫ్యాక్టర్ కోసం కెపాసిటర్లు ఉన్నాయి. ఈ ఫ్రీక్వెన్సీల్లో కెపాసిటర్ దాదాపు షార్ట్ సర్క్యూట్‌తో సమానం. కొన్ని టోన్లకు లైన్ ఇంపెడెన్స్ (సంకేతానికి తీగ చూపే అడ్డు) పదుల ఓంల నుంచి ఒకంకె ఓంలకు పడిపోతుంది. అదే వోల్టేజికి కరెంటు అనేక రెట్లు పెరుగుతుంది. డిస్టార్షన్ దానితోపాటు పెరుగుతుంది. మోడ్ (బయాస్ స్థితి) ఎంపికను లోడ్ నుంచి విడదీసి మాట్లాడుకోకూడదు.

విడవలూరు చెరువు:

సార్, మేడం, మీ యాంపియర్ల లెక్కలు నాకు పూర్తిగా తెలియవు. రైతుగా ఒక మాట చెప్పాలి. వెనామీ రొయ్య వేసిన చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున. నాచు పగలంతా ఆక్సిజన్ ఇచ్చి రాత్రి తనే తీసుకుంటుంది. ఆ వేళలో ఏరియేటర్లు ఆగితే గంటల్లోనే పంట పోతుంది. ఆ ఒక్క కబురు నా ఫోనుకు రావాలి. మీరు చెప్పే లో బయాస్ వల్ల పది సార్లలో ఒక్కసారి కబురు తప్పిపోయే ప్రమాదం ఉన్నా నాకు వద్దు. గట్టు మీద 2 హెచ్‌పీ మోటార్లు రాత్రంతా తిరుగుతుంటే పావు వాటు మిగిల్చి నాకు ఇచ్చేదేమిటి?

సింగరాయకొండ యువకుడు:

అన్నలందరికీ నమస్కారం. నేను మధ్యేమార్గం అడుగుతున్నాను. ఫుల్ కాకపోతే లో అన్నట్టుగా చర్చ సాగుతోంది. మిడ్ బయాస్ ఎందుకు పనికిరాదు? 23 నుంచి 17.5కు దిగితే ఐడిల్ కరెంటులో పావు వంతు మిగులుతుంది. ఫుల్ నుంచి మిడ్‌కు వచ్చినప్పుడు పోయే స్వచ్ఛత కంటే మిడ్ నుంచి లో బయాస్‌కు దిగినప్పుడు పోయేది ఎక్కువని నా అంచనా. పైగా ఈ చిప్‌లో ఐఎడ్జ్ అనే పిన్ ఉంది. దాని నుంచి గ్రౌండ్‌కు ఒక రెసిస్టర్ పెడితే బయాస్‌ను కావలసినంత తగ్గించుకోవచ్చు. మూడు మెట్లకే కట్టుబడాల్సిన పని లేదు.

నేను కెమెరా పెట్టెల గురించి ఆలోచిస్తున్నాను. మేత ట్రేలను చూపించే కెమెరా పెడితే లైన్ మీద దాదాపు ఆగకుండా పంపుతూనే ఉండాలి. అప్పుడు వేడి నిజంగానే సమస్య. ఐడిల్‌కు తోడు సంకేతం వల్ల వచ్చే వేడి కూడా కలుస్తుంది. మూసిన పెట్టెలో ఫుల్ బయాస్ పెట్టి ఎండకు వదిలితే చిప్ ఎన్ని ఎండాకాలాలు నిలుస్తుందో ఆలోచించండి. నమ్మకం అంటే డిస్టార్షన్ ఒక్కటే కాదు కదా.

కావలి రేడియో:

నేను లైసెన్సు ఉన్న హ్యామ్‌ను, అంటే అభిరుచిగా రేడియో నడిపేవాడిని. ఇప్పటివరకు జరిగిన చర్చ అంతా "మా డేటా వెళుతుందా లేదా" అన్న చోటే ఆగింది. తీగకు అవతల ఉన్నవాళ్ల గురించి ఎవరూ అడగలేదు. అందుకని నేను అడుగుతున్నాను.

గట్టు మీద స్తంభాల వెంట వెళ్లే కవచం లేని తీగ 2–28 మెగాహెర్ట్జ్‌లో ఏమవుతుంది? యాంటెన్నా అవుతుంది. 7.1 మెగాహెర్ట్జ్‌లో అర తరంగం 21 మీటర్లు. స్తంభానికీ స్తంభానికీ మధ్య తీగలు సుమారుగా ఆ కొలతల్లోనే ఉంటాయి. ఇందుకే విద్యుత్ తీగల మీద నడిచే మోడెమ్‌లు మన బ్యాండ్లను, 7.0–7.2, 14.0–14.35 లాంటి వాటిని, ఖాళీగా వదిలేస్తాయి. ఆ టోన్లను అసలు పంపవు. ఆ ఖాళీలను నాచ్ అంటాం. 30 డీబీ లోతు ఉంటే పక్కనే ఉన్న మాలాంటివాళ్లం బతుకుతాం.

మోడెమ్ చిప్ ఆ నాచ్‌ను ఎంత శుభ్రంగా తవ్వినా దాని తర్వాత లైన్ డ్రైవర్ ఉంది. డ్రైవర్ డిస్టార్షన్ చేస్తే పక్క టోన్లు ఒకదానితో ఒకటి కలిసి కొత్త టోన్లు పుడతాయి. అవి పోయి పడేది ఆ ఖాళీలోనే. లో బయాస్‌లో మీ డేటా చక్కగా వెళ్లవచ్చు. ఎందుకంటే దగ్గరి దూరంలో మీ మోడెమ్‌కు 25, 30 డీబీ చాలు. కానీ అదే సమయంలో నాచ్ అడుగు 30 డీబీ నుంచి 20కి పూడిపోయి ఉండవచ్చు. మీ స్క్రీన్ మీద అది కనబడదు. నా రిసీవర్‌లో బుసలా వినబడుతుంది.

ఇది సరదా వ్యవహారం కాదు. మనది తుపానుల తీరం. సెల్ టవర్లు మూగబోయిన రోజున 7 మెగాహెర్ట్జ్ మీద పక్క జిల్లాతో మాట్లాడగలగడం ఎంత అవసరమో ఈ తీరంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ఆ రోజున గట్ల మీద బ్యాటరీతో నడిచే పెట్టెలన్నీ లో బయాస్‌లో బ్యాండ్‌ను పూడ్చేస్తుంటే ఎలా? బయాస్ తగ్గించే ప్రతివారూ ముందు నాచ్ లోతు కొలిచి చూపాలి. కొలవకుండా తగ్గించే హక్కు లేదని నా గట్టి అభిప్రాయం.

పెన్నాతీరం:

కావలి గారు, నాచ్ కోణం నేను ఆలోచించలేదు, సరైన ప్రశ్నే. కొలుస్తాం. కానీ వేడి, బ్యాటరీ ప్రశ్నలకు ఎవరూ సమాధానం చెప్పలేదు. "పావు వాటు" అని తేలికగా తీసేస్తున్నారు. మూసిన పెట్టెలో పావు వాటు తక్కువ కాదు. ఫుల్ బయాస్ పెట్టమన్నవారు ఆ వేడిని ఎక్కడికి పంపాలో కూడా చెప్పాలి.

ఏబీ తరగతి:

చెబుతాను. ఇది లెక్కతో తేలే సంగతి, అభిప్రాయంతో కాదు.

ముందు బ్యాటరీ. ఫుల్‌కూ లోకూ తేడా 11.1 మిల్లీయాంపియర్లు. 24 వోల్టులతో గుణిస్తే 0.27 వాటు. ఎనిమిది గంటల కరెంటు కోతకు 2.1 వాట్‌అవర్లు. మీ బ్యాటరీ 12 వోల్టులు, 7 యాంపియర్ అవర్లు అనుకుందాం, 84 వాట్‌అవర్లు. కన్వర్టర్ నష్టాలు కలిపినా తేడా మూడు నాలుగు శాతం. మోడెమ్ చిప్, సెన్సర్ అంతకు ఎన్నో రెట్లు తింటాయి. బ్యాటరీ కోసం బయాస్ కోయడంలో అర్థం లేదు.

ఇక వేడి. లైన్‌కు 100 మిల్లీవాట్లు, లోడ్ 100 ఓంలు అనుకోండి. ఆర్ఎంఎస్ కరెంటు 31.6 మిల్లీయాంపియర్లు. గాసియన్ సంకేతానికి సగటు కరెంటు అందులో 0.8 వంతు, సుమారు 25. సప్లై నుంచి సంకేతం కోసం 0.6 వాటు. ఫుల్ బయాస్ ఐడిల్ కలిపి 1.15. లైన్‌కు వెళ్లింది తీసేస్తే చిప్‌లో మిగిలే వేడి సుమారు 1.05 వాట్లు. క్లాస్ ఏబీలో ఐడిల్, సంకేత కరెంట్లు పూర్తిగా కూడవు కాబట్టి ఇది పైవైపు అంచనా. బోర్డు మీద చిప్‌కు వాటుకు 45 డిగ్రీల ఉష్ణ నిరోధం తీసుకుంటే 47 డిగ్రీల పెరుగుదల. పెట్టెలో 65 ఉంటే చిప్ లోపలి సిలికాన్ (జంక్షన్) 112. ఇది ఆపకుండా పంపుతున్నప్పటి మాట. అదే లో బయాస్‌లో ఆపకుండా పంపితే సుమారు 100.

కానీ మీ ఆక్సిజన్ పెట్టె ఆపకుండా పంపుతుందా? లేదు. పెద్ద నెట్‌వర్క్‌లో కూడా ఒక పెట్టె పంపే సమయం ఐదో వంతు అనుకుందాం. మిగతా సమయం వింటూ ఉంటుంది. ఒకే తీగ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడే పద్ధతి ఇది. వినేటప్పుడు డ్రైవర్ ఎందుకు వెలిగి ఉండాలి? షట్‌డౌన్‌లో పెట్టండి. అప్పుడు ఫుల్ బయాస్ పెట్టె సగటు వేడి 0.21 వాటు, పెరుగుదల తొమ్మిదిన్నర డిగ్రీలు. మీరు అనుకుంటున్న ఎప్పుడూ వెలిగి ఉండే లో బయాస్ పెట్టె? ఐదో వంతు సమయం 0.79, మిగతా సమయం 0.29, సగటు 0.39 వాటు. పెరుగుదల 17 డిగ్రీలు.

అంటే పంపేటప్పుడు ఫుల్, వినేటప్పుడు షట్‌డౌన్ అన్న పద్ధతి మీ లో బయాస్ కంటే చల్లగా నడుస్తుంది. స్వచ్ఛత మొత్తం మీ దగ్గరే ఉంటుంది. పైగా షట్‌డౌన్‌లో ఈ చిప్ ఔట్‌పుట్ హై ఇంపెడెన్స్‌కు వెళుతుంది. వచ్చే సంకేతాన్ని డ్రైవర్ మింగదు, డ్రైవర్ నాయిస్ మీ రిసీవర్‌లో చేరదు. చాలామంది షట్‌డౌన్‌ను కరెంటు ఆదా చేసే స్విచ్‌లాగా చూస్తారు. ఇలాంటి లైన్‌లో అది రిసీవర్ సున్నితత్వానికి కావలసిన భాగం. మీరు మోడ్ ఎంపికను ఫుల్, మిడ్, లో అన్న మూడింటి మధ్య పోటీగా పెట్టారు. మీకు కావలసిన పొదుపంతా నాలుగో స్థితిలో ఉంది.

ఒంగోలు రాగితీగ:

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో బ్రాడ్‌బ్యాండ్ పరికరాలు చూసి రిటైర్ అయ్యాను. మేడం చెప్పిన లెక్కతో విభేదించను. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. సంకేతాన్ని బట్టి డ్రైవర్ శక్తిని మార్చే ఆలోచన కొత్తది కాదు. 2002లో వచ్చిన ఏడీఎస్ఎల్2 ప్రమాణంలోనే, జీ.992.3లో, ఎల్2 అనే తక్కువ శక్తి స్థితి ఉంది. వాడుకరి ఏమీ దించుకోనప్పుడు సంకేత బలం తగ్గించి ఎక్స్ఛేంజ్‌లో కరెంటు, వేడి మిగల్చాలని. వందల లైన్లు ఒకే ర్యాక్‌లో ఉండేవి కాబట్టి ఆ కోరిక న్యాయమైనదే.

కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. ఆచరణలో చాలా నెట్‌వర్క్‌లు దాన్ని వాడలేదు. కారణం పక్క జత. ఒకే కేబుల్‌లో పక్కపక్కన ఉన్న జతల మధ్య క్రాస్‌టాక్ ఉంటుంది. ఒక లైన్ ఎల్2లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పక్క మోడెమ్ ఆ నిశ్శబ్దాన్ని చూసి తన వేగం నిర్ణయించుకుంటుంది. ఈ లైన్ ఒక్కసారిగా పూర్తి శక్తి స్థితి అయిన ఎల్0కు లేస్తే పక్కవాడి నాయిస్ మార్జిన్ కరిగిపోయి లైన్ తెగుతుంది. ఒకరి పొదుపు మరొకరికి ఫిర్యాదుగా మారేది. ఫిర్యాదు ఇచ్చేవాడికి తన లైన్‌లో లోపం లేదని చెప్పినా నమ్మేవాడు కాదు, నమ్మాల్సిన పనీ లేదు.

మీ గట్ల మీద ఇది మరో రూపంలో వస్తుంది. రెండు ఫీడర్ల తీగలు ఒకే స్తంభం మీద వెళితే ఒక చెరువు సంకేతం మరో చెరువులో వినబడుతుంది. ఇంకా ముఖ్యమైనది, మోడ్ మారితే డ్రైవర్ గెయిన్, ఫేజ్ పై ఫ్రీక్వెన్సీల్లో కొద్దిగా మారతాయి. మోడెమ్‌లు లైన్‌ను ముందే కొలిచి ఏ టోన్ మీద ఎన్ని బిట్లు పెట్టాలో పట్టిక రాసుకుంటాయి. ఫుల్‌లో రాసుకున్న పట్టికతో మిడ్‌లో పంపితే ఆ పట్టిక అబద్ధమవుతుంది. కాబట్టి నా మాట: పంపే స్థితి ఒక్కటే ఉండాలి. ఫుల్ అయితే ఫుల్, మిడ్ అయితే మిడ్. దాని నుంచి షట్‌డౌన్‌కు, మళ్లీ అదే స్థితికి. ఎండ ఎక్కువైంది కాబట్టి మధ్యాహ్నం మిడ్, రాత్రి ఫుల్ అన్న తెలివి సాఫ్ట్‌వేర్‌లో పెట్టకండి. పెడితే మధ్యాహ్నం రెండింటికి ఎందుకు ప్యాకెట్లు పోతున్నాయో వెతుక్కుంటూ గట్ల వెంట తిరగాలి.

సింగరాయకొండ యువకుడు:

రాగితీగ గారు, ఏడీఎస్ఎల్‌లో లైన్ ఆగకుండా మాట్లాడుతుంది కాబట్టి ఆ సమస్య వచ్చింది. ఇక్కడ ప్రతి ప్యాకెట్‌కూ ముందు ప్రియాంబుల్ అనే గుర్తు సంకేతం ఉంటుంది, దాన్నిబట్టి రిసీవర్ మళ్లీ సర్దుకుంటుంది. పోలిక పూర్తిగా అతకదు. బిట్ల పట్టిక విషయంలో మాత్రం మీ మాట ఒప్పుకుంటాను. మోడ్ మార్చినప్పుడు లైన్‌ను మళ్లీ కొలిపించాలి.

మేడం, మీ షట్‌డౌన్ లెక్క ఆక్సిజన్ పెట్టెకు సరిపోతుంది. కెమెరా పెట్టె సంగతి? అది ఐదింట నాలుగు వంతుల సమయం పంపుతూనే ఉంటే షట్‌డౌన్ మిగిల్చేది స్వల్పం. ఇంకో సందేహం. ఆడియో యాంప్లిఫయర్లలో బయాస్ ఎక్కువైనా డిస్టార్షన్ పెరుగుతుందని చదివాను. రెండు ట్రాన్సిస్టర్లూ కలిసి నడిచే ప్రాంతంలో గెయిన్ ఎక్కువై, బయటికి రాగానే తగ్గుతుంది. ఎమిటర్ రెసిస్టర్ మీద 26 మిల్లీవోల్టులు ఉంటే మేలని 1971లోనే బార్నీ ఓలివర్ అనే ఇంజినీర్ చూపించారు. అలాంటప్పుడు ఫుల్ బయాసే శ్రేష్ఠం అని ఎలా అనగలం?

ఏబీ తరగతి:

మంచి ప్రశ్న. ఓలివర్ సూత్రం మనం విడి ట్రాన్సిస్టర్లతో కట్టుకునే ఔట్‌పుట్ దశకు. ఈ చిప్‌లో ఎమిటర్ రెసిస్టర్లు మన చేతిలో లేవు. ఐఎడ్జ్ పిన్ కూడా ఫుల్ నుంచి కిందికి మాత్రమే తెస్తుంది, పైకి తీసుకుపోదు. తయారీదారు ఫుల్ స్థితిలోనే అతి తక్కువ డిస్టార్షన్ అని చెబుతున్నప్పుడు అతి బయాస్ భయం మనకు లేదు.

కెమెరా పెట్టె విషయంలో మీతో ఏకీభవిస్తాను. అక్కడ మిడ్ బయాస్ పరిశీలించదగ్గదే. కానీ అంతకంటే ముందు 112 డిగ్రీలను తగ్గించే మార్గాలు ఉన్నాయి. చిప్ అడుగున ఉన్న లోహపు ప్యాడ్‌ను వయాల (బోర్డులోని రాగి పూత రంధ్రాల) గుండా వెనకవైపు రాగి పొరకు కలిపారా? పెట్టెకు నీడ కల్పించారా? తెల్ల రంగు వేశారా? ఆ పనులేవీ చేయకుండా బయాస్ తగ్గించడం నాకు నచ్చదు. ఎండను ఆపే రేకుకు అయ్యే ఖర్చు ఎంత?

ఇంకో అపోహ తొలగించాలి. "మోటార్ల వల్ల ఇంపెడెన్స్ పడిపోతే ఫుల్ బయాస్ కాపాడుతుంది" అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇందాకటి 100 మిల్లీవాట్ల సంకేతానికి ఆర్ఎంఎస్ 3.16 వోల్టులు, శిఖరం దానికి ఐదు రెట్లు అనుకుంటే 15.8. లైన్ 15 ఓంలకు పడితే ఆ శిఖరానికి ఒక యాంపియర్ దాటి కావాలి. ఈ చిప్ 25 ఓంల లోడ్‌కు ఇవ్వగలనని చెప్పేది 416 మిల్లీయాంపియర్లకు పైమాట. శిఖరం తెగిపోతుంది. అది ఏ బయాస్‌లోనైనా తెగుతుంది. బయాస్ సున్నా దగ్గరి గతుకును సరిచేస్తుంది. శిఖరం దగ్గరి కోతకు సిరీస్ రెసిస్టర్, ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి, సంకేత బలం సరిచూసుకోవాలి. రెండు రోగాలకూ నాచ్‌లో కనిపించే లక్షణం ఒకటే కాబట్టి జనం ఒకదానికి మందు మరోదానికి వేస్తారు.

కావలి రేడియో:

ఈ రెండింటినీ గట్టు మీదే విడదీసి చూడవచ్చు. సంకేత బలాన్ని 3 డీబీ తగ్గించండి. నాచ్ ఒక్కసారిగా లోతైతే తెగుతున్నది శిఖరం. పెద్దగా మార్పు లేకపోతే, లేదా తీసుకున్న 3 డీబీకి తగినంత మెరుగుదల రాకపోతే అది సున్నా దగ్గరి గతుకు. చిన్న సంకేతానికి గతుకు వాటా ఇంకా పెద్దదవుతుంది. అప్పుడు బయాస్ పెంచి చూడండి.

స్పెక్ట్రమ్ అనలైజర్ లేకపోయినా పరవాలేదు. మంచి షార్ట్‌వేవ్ రిసీవర్‌ను 7.1 మీద పెట్టి, సంకేత బలం చూపే ఎస్ మీటర్ చూడండి. ఒక ఎస్ మెట్టు 6 డీబీ. ఏజీసీ (రిసీవర్ తనంతట తానే గెయిన్ సర్దుకునే అమరిక), యాంటెన్నా స్థానం మార్చకుండా ఫుల్, మిడ్, లో మూడింటినీ వరుసగా పెట్టాలి. మధ్యలో షట్‌డౌన్ పెట్టి ఆ చోటి సహజ నాయిస్ ఎంతో రాసుకోవాలి, లేకపోతే మోటారు గోలను డ్రైవర్ మీద వేస్తారు. ఏరియేటర్లు అన్నీ తిరుగుతున్నప్పుడు ఒకసారి, అన్నీ ఆపి ఒకసారి. పెట్టె ఎండలో కాగినప్పుడు కూడా చూడాలి. ఐడిల్ కరెంటు ఉష్ణోగ్రతతో కదులుతుంది.

షట్‌డౌన్ నుంచి లేపేటప్పుడు కూడా జాగ్రత్త. డ్రైవర్‌ను సంకేతంతో ఒకేసారి లేపితే ఆ కుదుపు బ్యాండ్ మొత్తం క్లిక్‌లా వినబడుతుంది. కొన్ని మైక్రోసెకన్ల ముందు లేపి, కుదురుకున్నాక ప్రియాంబుల్ మొదలుపెట్టాలి. బయాస్ పిన్‌లను గాలిలో వదలవద్దు. ప్రాసెసర్ రీసెట్ అవుతున్నప్పుడు అవి ఏ స్థితిలో ఉంటాయో రెసిస్టర్‌తో మీరే నిర్ణయించండి. షట్‌డౌన్ వైపు లాగి ఉంచడం నా సలహా. చెడిపోయిన ఒక్క పెట్టె డ్రైవర్‌ను వెలిగించి కూర్చుంటే ఆ తీగ మీద ఉన్న అందరి మాటా దెబ్బతింటుంది.

పెన్నాతీరం:

నిర్ణయం ఇలా తీసుకుంటున్నాను. ఆక్సిజన్ పెట్టెలకు పంపేటప్పుడు ఫుల్, మిగతా సమయం షట్‌డౌన్. లో బయాస్ ప్రస్తావన వదిలేశాను. కరెంటు పోయినప్పుడు కూడా అదే స్థితి, ఎందుకంటే ఆ లెక్కలో లో బయాస్‌తో పోలిస్తే బ్యాటరీకి పడే అదనపు భారం ఏమీ లేదు. కెమెరా పెట్టెలకు నీడరేకు, రాగి పొర సరిచేసి, ఫుల్, మిడ్ రెండింటిలోనూ నాచ్ కొలిచి తేల్చుకుంటాం. మిడ్‌లో నాచ్ 30 డీబీ నిలబడకపోతే చిత్రం నాణ్యత తగ్గించి పంపే సమయం తగ్గిస్తాం.

సింగరాయకొండ యువకుడు:

మిడ్‌లో నాచ్ నిలబడుతుందనే నా నమ్మకం. 3 డీబీ తగ్గించి నడిపితే ఇంకా మేలు, మీ గట్లు మరీ పొడవైనవి కావు. కొలతలు ఇక్కడ పెట్టండి.

ఒంగోలు రాగితీగ:

కొలతలతోపాటు ఆ రోజు ఎన్ని మోటార్లు తిరుగుతున్నాయో, ఏ స్తంభం దగ్గర ఏ కెపాసిటర్ ఉందో కూడా రాయండి. పంట మారినప్పుడల్లా రైతులు ఏరియేటర్ల చోట్లు మారుస్తారు, లైన్ మారిపోతుంది. ఈ పంటలో కొలిచినది వచ్చే పంటకు చెల్లదు.

విడవలూరు చెరువు:

మా చెరువు వాడుకోండి. రొయ్యల పట్టుబడి అయిపోయింది, నీళ్లు ఆరబెట్టి మళ్లీ వేసేలోపు మోటార్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు తిప్పవచ్చు, ఆపవచ్చు. గట్టు మీద స్టార్టర్ పెట్టెలు నాలుగు ఉన్నాయి, రెండింటిలో కెపాసిటర్లు ఉన్నాయి. పక్క చెరువు వాళ్ల లైన్ మా స్తంభాల మీదుగానే పోతుంది, వాళ్లు రొయ్య పిల్లలు వేసి నెల కాలేదు. కాబట్టి వాళ్ల వైపు స్విచ్ ఏదీ ముట్టుకోకండి, ముందురోజు ఫోను చేసి రండి. కావలి రేడియో గారు కూడా వస్తే మధ్యాహ్నం ఎండలో పెట్టె కాగేవరకు ఉండి చూడవచ్చు.